ఆఖరి పేరు దాకా

ఒత్తులు తప్పితే మన్నించండి. నేను నిదానంగా రాస్తాను, మీరు మాత్రం గబగబా చదివేయండి.

యశ్వంత్ రాజీనామా మెయిల్ రాసి పెట్టుకున్నాడు. పంపడమే తరువాయి.

కాలేజీలో ఉండగా ఒక సినిమా చూసి, తెర మీద పేర్లన్నీ వెళ్లిపోయి, ఊడ్చేవాళ్లు వచ్చి కాళ్లు ఎత్తమనేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాడట. సినిమా అంటే అలా ఉండాలంటాడు. ఆ రోజు పట్టిన పిచ్చి వదల్లేదు. రాయదుర్గంలో కోడింగు చేసుకుంటూనే తనూ ఒకటి తీశాడు. సినిమా పన్నెండు నిమిషాలు. పేర్లు ఇంకో నాలుగు నిమిషాలు. బిర్యానీ తెచ్చినవాడికీ, గొడుగు అరువిచ్చినవాడికీ కూడా కృతజ్ఞతలు.

“అన్నీ తెలుగులోనే వేసినవ్. ఎవరు చదువుతర్రా?” అంది పక్క సీటు రేఖ.

“చదవడానికి కాదు. మనసు నిండినవాళ్లు లేవలేరు. ఒక్కరంటే ఒక్కరు ఆఖరి పేరు దాకా కూర్చుంటే ఉద్యోగం వదిలేస్తా. లేకపోతే ఇగ సినిమా ఊసెత్తను.”

“అయితే సోమవారం కలుద్దాం.”

శుక్రవారం భోజనాలయ్యాక ఏడో అంతస్తు మీటింగ్ హాల్లో దీపాలార్పి సినిమా వేశారు. సమోసాలున్నాయని తెలిసి నలభై మంది వచ్చారు. తెర మీద హీరో మెట్రో కిటికీలోంచి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. సమోసాలైపోయాయి.

పేర్లు మొదలయ్యాయో లేదో హాలంతా లేచింది. రేఖ చప్పట్లు కొడుతూనే బయటికి నడిచింది.

తలుపు పక్కన నిలబడ్డ యశ్వంత్ ఫోను జేబులో పెట్టేయబోయాడు. అప్పుడు కనిపించింది. వెనక వరసలో హౌస్‌కీపింగ్ ఆవిడ. ఒళ్లో తుడుపుగుడ్డ. రెప్ప వేయకుండా తెరనే చూస్తోంది. పెదాలు వణుకుతున్నాయి. కళ్లలో నీళ్లు.

ఆఖరి పేరు వెళ్లిపోయింది. ఆవిడ లేవలేదు.

“అమ్మా...” అన్నాడు.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “బాబూ, ఇంకోపారి ఏస్తవా?”

యశ్వంత్ అక్కడికక్కడే మెయిల్ పంపేశాడు. సంగతి తెలిసి రేఖ కుర్చీలో కూలబడింది.

లిఫ్టు దగ్గర ఆవిడకు బకెట్టుతో ఎదురైంది తోటి పనిమనిషి లచ్చమ్మ. “ఏందక్కా, సినిమా గంత మంచిగున్నదా?”

“సినిమా సంగతి నాకెర్కలే లచ్చమ్మా, ఏసీ సల్లదనానికి నిద్రవట్టింది, లేసేసరికి తెర నిండ అక్షరాలు ఉరుకుతున్నయి, మనవరాలు సదువుడు నేర్పిన సంది గన్ని పేర్లు ఒక్కతాన ఎన్నడు దొరకలే, కూడబలుక్కుంట పదకొండే సదివిన.”

సక్కుబాయి, 61 ఏళ్లు
ఇప్పుడు ఉండేది నానక్‌రామ్‌గూడ