ఇవాళ్టికి జత

పొద్దున్న తొమ్మిదింటికి కూలబార్ ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మెర్వ్ గారూ, నోరీన్ గారికి ఊపిరి అందటం లేదండీ. సాయంత్రం దాకా కష్టమే. బయట కారు చప్పుడైతే చాలు, మీరేనా అని అడుగుతున్నారు."

సిడ్నీ నుంచి కూలబార్ నాలుగు గంటల దారి. ఆ ఆసుపత్రిని మూసెయ్యకుండా ఆపే బిల్లు మీద శాసనసభలో ఓటింగు మధ్యాహ్నం మూడింటికి. గట్టెక్కితే ఒక్క ఓటుతో గట్టెక్కాలి. ఆ ఒక్కటీ కూలబార్ సభ్యుడు మెర్వ్‌ది.

పార్టీల వాళ్లకైతే ఇలాంటప్పుడు జత ఉంటుంది. ఇటు ఒకరు ఇంటికి పోతే, అటు ఒకరు ఓటెయ్యకుండా బయట కూర్చుంటారు. కాగితం ఉండదు, మాటే. ఇండిపెండెంటుకి జత ఎవరు? పదకొండేళ్లుగా మెర్వ్ జ్వరంతో కూడా సభకొచ్చి కూర్చున్నాడు. ఎన్నికల రోజున బడి వాకిట్లో నిలబడి ఊరందరికీ సాసేజులు కాల్చిపెట్టే భార్య నోరీన్ తప్ప అతనికి పార్టీ అంటూ ఏదీ లేదు.

వరండాలో, బిల్లును వ్యతిరేకిస్తున్న ప్రతిపక్షం సభ్యుడు క్లైవ్ డన్ఫీ ఎదురయ్యాడు. పశువుల డాక్టరుగా ఉన్న మెర్వ్ వచ్చి క్లైవ్ బావమరిదిని ఓడించి కూలబార్ సీటు లాక్కున్న నాటి నుంచి, క్లైవ్ అతన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

"ఏమోయ్ గొర్రెల డాక్టరూ, ఇంకా ఇక్కడే ఉన్నావేం? నోరీన్ సంగతి విన్నాను. బయల్దేరు."

"ఓటు?"

"నేను లోపలికి వెళ్లను. బయట కూర్చుంటాను. ఇవాళ్టికి నీ జత నేనే."

"మీవాళ్లు ఊరుకుంటారా?"

"తిడతారు. తిట్లు నాకేమన్నా కొత్తా? ముందు నువ్వు పోవయ్యా!"

మెర్వ్ అతని చెయ్యి పట్టుకుని నొక్కి, వెళ్లి కారెక్కాడు.

గేటు దగ్గర అనుమానం పుట్టింది. పదకొండేళ్ల పగ ఒక్క పొద్దున కరుగుతుందా? చివరి నిమిషంలో క్లైవ్ లోపలికి నడిస్తే? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఆసుపత్రి పోతే రేపు ఇంకో నోరీన్ ఎక్కడ పడుకోవాలి?

కారు వెనక్కి తిప్పాడు. ఎవరి కంటా పడకుండా వెనక గుమ్మంలోంచి తన గదికి వెళ్లి తలుపేసుకున్నాడు. నర్సుకి ఫోన్ చేసి, "దారిలో ఉన్నానని చెప్పండి" అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నోరీన్‌తో ఆడిన మొదటి అబద్ధం అది.

మూడింటికి గంట మోగింది. మెర్వ్ తల వంచుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. తలుపులకు తాళాలు పడ్డాయి. ఇక లెక్క తేలేదాకా ఎవరూ లోపలికి రాలేరు, బయటికి పోలేరు.

జేబులో ఫోను వణికింది. 'ఇప్పుడే పోయారు. చివరిదాకా తలుపు వైపే చూశారు.'

మెర్వ్‌కి అక్షరాలు అలుక్కుపోయాయి. నేను కదిలి ఉంటే ఆసుపత్రి పోయేది, నోరీన్, నిజంగా పోయేది, అని లోలోపలే చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నాడు.

స్పీకరు లేచి లెక్క చదివాడు.

"అనుకూలం నలభై ఏడు. వ్యతిరేకం నలభై అయిదు."

తేడా ఒకటి కాదు, రెండు. మెర్వ్ తలెత్తాడు.

తలుపు అద్దానికి అవతల, వరండా బల్ల మీద, టోపీ ఒళ్లో పెట్టుకుని క్లైవ్ డన్ఫీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.