ఐదు ట్యాబులు, ఒకే తప్పు

'సామూహిక కాపీ' అని తెర మీద ఎర్రటి అక్షరాలు కనబడేసరికి టీచరు వత్సలా బాయికి చెమటలు పట్టాయి.

కోండ్‌వాడి బడికి ట్యాబులు ఐదు. వాటిలో ఎక్కించిన పేర్లూ ఐదే: కుసుమ్, బబన్, హిరా, దగడూ, సింధు. పాఠాలు తయారుచేసింది పట్నంలో చల్లటి గదిలో కూర్చున్న మేధావి ఎవరో. పొద్దున్నే ఐదు ట్యాబుల మీదా వేలు పెట్టి 'హాజర్' అంటే తప్ప పాఠం తెరుచుకోదు. నాలుగు వేళ్లు పడితే ససేమిరా అంటుంది. పిల్లలంతా కలిసి నేర్చుకోవాలని దాని పట్టుదల.

కలిసే నేర్చుకున్నారు. అదే కొంప ముంచింది.

ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఐదు ట్యాబుల్లోనూ యాభై నాలుగు. మేక బొమ్మ గీయమంటే ఐదింట్లోనూ మేకకు ఐదు కాళ్లు. ఇష్టమైన తిండి ఏమిటంటే ఐదింట్లోనూ పిఠలా, భాకరీ. పోయిన వారం ఐదు పేర్లకూ ఒకే రోజు జ్వరం వచ్చి, ఒకే రోజు తగ్గింది. ఆ పై శనివారం 'మా మేక ఈనింది' అన్న ఒకే కారణం మీద ఐదు ట్యాబులకూ సెలవు పడింది. యంత్రానికి కూడా అనుమానం రాక చస్తుందా?

కాపీ రుజువైతే ఈ బడిని కనుమ అవతలి పెద్ద బడిలో కలిపేస్తారు. అక్కడికి రెండు ఏర్లు దాటాలి, రెండు గంటలు నడవాలి.

"ఈ బడి మూసేస్తే మా కుసుమ్ ఇక మేకల వెనకాలే బాయీ. అంత దూరం నేను పంపను," అని కుసుమ్ తల్లి ముందే తేల్చేసింది. ఆ మాట గుర్తొస్తే బాయికి అన్నం సయించడం లేదు. పదహారేళ్ల ఉద్యోగంలో అంత చురుకైన పిల్లను ఆమె చూడలేదు మరి.

"తప్పు రాయడం తప్పు కాదు. అందరూ ఒకే తప్పు రాయడం తప్పు," అని ఆ సాయంత్రం క్లాసులో గట్టిగా చెప్పింది. "రేపు తనిఖీ సాహెబ్ వీడియోలో ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతాడు. తప్పులు పంచుకోవాలి. తెలిసిందా?"

"బబన్‌కి లెక్కలు రాకూడదా బాయీ?" అంది కుసుమ్.

"రాకూడదు. దగడూకి వస్తాయి."

"వాడికెందుకు రావాలి? వాడు ఉత్త మొద్దు."

"నోరు మూసుకుని ఎక్కం చదువు."

మర్నాడు పదకొండింటికి లోఖండే సాహెబ్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. తనిఖీ అధికారి. అనుమానం ఆయనకు ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు.

"ఒక్కొక్కరినే పిలవండి బాయీ. ఒకరు చెప్తుంటే మిగతా నలుగురిలో ఒక్కరు కూడా గదిలో ఉండటానికి వీల్లేదు."

"ఉండరు సాహెబ్," అంది బాయి. ఆ షరతు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మొదట హిరా. మెడకూ ముక్కుకూ కలిపి మఫ్లర్. జలుబట. లెక్క తప్పింది, పద్యం బాగా చెప్పింది.

తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. "ఏంటీ ఆలస్యం?" అన్నాడు సాహెబ్. "సిగ్గుపడుతున్నారు సాహెబ్," అంది బాయి.

బబన్ చెవుల దాకా టోపీ దించుకుని వచ్చాడు.

"టోపీ తియ్యవా?"

"తల నిండా పేలున్నాయి సాహెబ్."

సాహెబ్ తన తెర నుంచి అరగజం వెనక్కి జరిగాడు. మళ్లీ ఆ టోపీ ఊసెత్తలేదు.

మూడోది సింధు. తలకు తువ్వాలు చుట్టుకుంది, ఇప్పుడే నీళ్లు పోసుకుందట. నాలుగోవాడు దగడూ. కళ్లజోడు ముక్కు మీద నిలవక జారుతోంది.

"బబన్ నీ దాంట్లో చూసి రాస్తాడా?"

"వాడికంత తెలివి లేదు సాహెబ్."

"మీ ఇద్దరికీ మాటల్లేవా ఏంటి?"

"ఎదురుపడితే కదా సాహెబ్."

సాహెబ్ కళ్లు చిట్లించాడు. "ఏం బాయీ, మీ ఊళ్లో అందరికీ ఒకటే ముఖమా?"

"చిన్న ఊరు సాహెబ్. అంతా చుట్టాలే."

చివరికి కుసుమ్ వచ్చింది, రొప్పుతూ.

"ఏమైంది పిల్లా?"

"అలిసిపోయాను సాహెబ్."

"ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు కదే. ఏడు ఎనిమిదులు?"

"యాభై ఆరు."

"పెద్దయ్యాక ఏమవుతావు?"

"ఏదో ఒక్కటే అవుతాను సాహెబ్."

పిల్లకు అత్యాశ లేదని సాహెబ్ మెచ్చుకున్నాడు. ఐదుగురివీ ఐదు రకాల జవాబులు. కాపీ లేదు. ఆయన అటు ఏదో నొక్కగానే ఇటు తెర మీద ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. బడి ఉంటుంది. బాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పిల్లలు రత్నాల్లా ఉన్నారు. ఏదీ, ఐదుగురినీ ఒక్కసారి వరసగా నిలబెట్టండి. కళ్లారా చూసి పోతాను," అన్నాడు సాహెబ్ ముచ్చటపడి.

"సిగ్నల్ పోయింది సాహెబ్," అని స్పష్టంగా చెప్పి బాయి ట్యాబు ఆపేసింది.

తర్వాత లేచి ఇంటిగంట కొట్టింది. ఎనిమిదేళ్ల కుసుమ్ ఒక్కతే చెప్పులేసుకుని బయటికి నడిచింది, దాంతో బడి మొత్తం ఖాళీ అయింది.