బరాత్ గుర్రం

గుర్రం మీద కూర్చోగానే యశస్వినికి కృష్ణానగర్ గల్లీ మొత్తం చిన్నగా కనిపించింది. నవ్వు ఆగడం లేదు.

"కళ్లెం గుంజకు బేటా," అన్నాడు ఇస్హాక్ భాయ్. ఆయన గుర్రం పెళ్ళి ఊరేగింపుల్లో తప్ప ఎక్కడా నడవలేదు.

రెండడుగులు వేసి అది ఆగిపోయింది. ఎంత అదిలించినా కదలలేదు. ఇస్హాక్ భాయ్ ఫోన్‌లో బ్యాండు పాట పెట్టాడు. వెంటనే గుర్రం మెడ ఊపుతూ చిందులు మొదలుపెట్టింది. యశస్విని దాని జూలు పట్టుకుని కెవ్వుమంది. ఆ వెంటనే పగలబడి నవ్వింది.

"ఇంకో పాట పెట్టు భాయ్."

సినిమా వేషాల కోసం తిరిగే కృష్ణానగర్ పిల్లలు గుర్రమెక్కేది షూటింగ్ కోసమే. "షూటింగ్ ఎప్పుడు?" అడిగాడాయన.

"షూటింగ్ కాదు భాయ్. ఆదివారం నా పెండ్లి. పిల్లగానికి గుర్రమంటే భయం. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట ఫంక్షన్ హాలు దాకా నేనే ఎక్కి పోత. ఆయన మండపంల కూసొని ఎదురుచూస్తడు."

ఇస్హాక్ భాయ్ పాట ఆపేశాడు. ఆ జీను మీద ఇప్పటిదాకా ఏ పెళ్ళికూతురూ కూర్చోలేదు. యశస్విని నవ్వు కూడా ఆగింది.

ఆయన జీను పట్టీ బిగించి, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

"గట్లయితే నడుం సీదా పెట్టు బేటా. పెండ్లికొడుకులందరు వంగి కూసొని నా గుర్రం ఫోటోలు ఖరాబ్ చేసిన్రు."