గడప దాటని కాళ్ళు

"లే! డాక్టరుగారి ముందైనా నడిచి చావు!"

కొడుకు తండ్రి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుండీలు పటపటా ఊడాయి. ముసలాయన కుర్చీతో సహా నేల మీద పడ్డాడు. లేపాల్సింది పోయి, తన్నడానికి కాలెత్తాడు కొడుకు.

"ఆ కాలు దించు!" అరిచింది డాక్టరమ్మ. ముసలివాళ్ళ నడక కష్టాలు చూసే డాక్టరే గానీ, గొంతు మాత్రం పోలీసుది.

కొడుకు దించాడు. "మూడు నెలలైందండీ, నడవట్లేదు, గడప దాటట్లేదు. ఇవాళ నేనే మోసుకొచ్చాను. ఏ మందిస్తారో మీ ఇష్టం, మనిషి బయటికెళ్ళి తిరగాలి."

ఆవిడ పెద్దాయనని మంచం మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది. పాదాలతో తన చేతిని నెట్టమంది. నిలబెట్టి, వెనకనుంచి భుజాలు పట్టుకుని ఉన్నట్టుండి లాగింది. జబ్బు మనిషైతే దుంగలా పడాలి. ఈయన చటుక్కున ఒక్కడుగు వెనక్కేసి నిలదొక్కుకున్నాడు. కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. చొక్కా చేతులు పైకి మడిస్తే మాత్రం మోచేతుల దాకా బెల్టు వాతలు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివాళ్ళ విషయంలో ఆవిడ పద్ధతి ఒకటే. ముందు కొట్టేవాణ్ణి ఏదో సాకుతో సాగనంపాలి, ఆ తర్వాతే పోలీసులకి ఫోన్ చెయ్యాలి.

"పరీక్షలు చాలా ఉన్నాయి. రేపటిదాకా ఈయన ఇక్కడే ఉండాలి. మీరు ఇంటికెళ్ళండి."

కొడుకు మొహం చేటంతయింది. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"వాణ్ణి పంపకండి! పిలవండి వాణ్ణి!" పెద్దాయన గావుకేక పెట్టాడు.

"కూర్చోండి బాబాయిగారూ. ఇంక వాడు మీ మీద చెయ్యి వెయ్యలేడు." ఫోన్ తీస్తూ తలుపుకి అడ్డం నిలబడింది.

ఆయన భుజంతో ఒక్క తోపు తోశాడు. ఆవిడ వెళ్ళి మందుల బీరువాకి గుద్దుకుంది. అద్దం భళ్ళున పగిలింది. పెదవి చిట్లి నోరంతా రక్తం. మంచికి పోతే చెడు ఎదురైంది అనుకుంటూ ఆవిడ వరండాలోకి పరుగెత్తింది. మూడు నెలలుగా నడవని మనిషి మెట్లు రెండేసి చొప్పున దూకుతున్నాడు.

"ఇంతలా పరుగెత్తుతున్నారే! మరి ఇన్నాళ్ళూ ఆ నాటకం ఎందుకండీ?"

ఆయన వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"నేను ఇంట్లో లేకపోతే వాడు కోడల్ని చంపేస్తాడమ్మా!"