నీరుగొబ్బి మడి

ఎర్రయ్య నీరుగొబ్బి మొక్కల్ని గునపంతో పెకలిస్తున్నాడు. ముళ్ళు చేతుల్లో దిగుతున్నా ఆగడం లేదు.

పురిటికొచ్చిన కూతురు పైడమ్మకి రక్తం పడుతుందని, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తమ క్వార్టర్ వెనక కుళాయి కాలవ పక్కన తనే ఆ మడి వేశాడు. రోజూ ఆకు కోసి కూర వండించాడు. అయినా పురిట్లోనే బిడ్డతో సహా కూతురు పోయి నెలయింది.

"మావయ్యా, రెండు మొక్కలు ఉంచీయండి," అంది కోడలు చిన్నమ్మడు, పెరటి గుమ్మంలో నిలబడి.

"ఎందుకమ్మా? నా కూతురి పేనం నిలబెట్టనేదు కదా ఈ ముళ్ళకంప!"

ఆమె తల వంచుకుంది. "నాకూ రగతం తక్కువుందని నర్సు దీదీ అన్నాది."

గునపం ఆగిపోయింది.

"ఎన్నో నెలమ్మా?"

"నాలుగు."

"మరి ఇంట్లో ఎవురికీ సెప్పనేదేటి?"

"పైడమ్మ వదినకి సెప్పినాను మావయ్యా. 'నా పురుడయ్యాక అయ్యకి నానే సెప్తాను, అప్పుడు సూడు ఎలా మురిసిపోతాడో' అన్నాది."

ఎర్రయ్య ఆ మట్టిలోనే కూలబడ్డాడు. నెల రోజులుగా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

చాలాసేపటికి, పీకినవాటిలో వేరు తెగని మొక్కల్ని ఏరి మళ్ళీ నాటాడు. చిన్నమ్మడు చెంబుతో నీళ్ళు పోస్తుంటే, "నెమ్మదిగా తల్లీ," అన్నాడు, ఏడుస్తూనే.