అలుగుకు కాపలా

"దీని మీద చెయ్యేసినోణ్ణి నాను ఊరుకోను!"

తెల్లవారేసరికి, ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులుండే క్యాంప్ 2 బస్తీలోని ఆ సందు మొత్తం అప్పలసూరి ఇంటి ముందు పోగయింది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన అప్పలసూరి ఒంటి మీది చొక్కా కూడా విప్పకుండా మురుక్కాలవ గట్టు మీద చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. అతని కాళ్ల దగ్గర ఒక అలుగు బంతిలా చుట్టుకుని పడి ఉంది. ఒళ్లంతా పెంకులే. చీమలూ చెదలూ తిని బతికే ఆ అడవి జంతువు ఏ కట్టెల లారీలో ఇరుక్కుని ఊళ్లోకి వచ్చిందో ఎవరికీ తెలియదు.

"ఒక్క పెంకు, సూరీ. మా ఆడదాని నడుం నొప్పికి అరగదీసి రాస్తాను," అన్నాడు పక్కింటి జగ్గయ్య, చేతిలో కర్ర ఆడిస్తూ.

"నొప్పికి మందు ఆస్పత్రిలో ఉన్నాది, దీని ఒంటి మీద నేదు. అడవుల్లోనే ఇవి కరువైపోనాయి. దీన్ని కొడితే సందు సందంతా జైలుకెళ్లాల."

జైలు మాట వినగానే కర్రలు కిందికి దిగాయి. ఈలోగా అతని భార్య జోగమ్మ గోనెసంచి తెచ్చి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు అలుగును అందులోకి ఎత్తుకుంది.

"ఓలమ్మా, ఎలా వణికిపోతన్నాదో!" అంటూ లోపలికి తీసుకుపోయింది.

అప్పలసూరి అటవీ శాఖకు ఫోన్ చేశాడు. వెంటనే బయల్దేరుతున్నామన్నారు. ఆ పాటికే జగ్గయ్య తీసిన వీడియో ఊళ్లో అందరి ఫోన్లలోకీ పాకిపోయింది.

కాసేపటికే ఖాకీ బట్టల్లో ఇద్దరు మనుషులు జీపు దిగారు. "ఫారెస్ట్ వాళ్లం. జానవర్ కహాఁ హై?" అన్నాడు వాళ్లలో పొడుగాటివాడు, జంతువు కోసం అటూ ఇటూ చూస్తూ.

అప్పలసూరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ జోడించి, "దేవుళ్లలా వచ్చారు సాబ్! కాసేపాగితే ఈ జనం దాన్ని బతకనిచ్చేవోళ్లు కాదు," అన్నాడు హిందీలో.

"మంచి పని చేశావు. ఎన్ని కిలోలుంటుంది?"

"కిలోలెందుకు బాబూ?" గుమ్మంలోంచి అడిగింది జోగమ్మ.

"రిపోర్టులో రాయాలమ్మా."

జోగమ్మ లోపలికెళ్లింది. మూతి బిగించి కట్టిన గోనెసంచిని చంకనెత్తుకుని వచ్చి, "ముడి విప్పకండి. జనాన్ని చూసి జడుసుకుంటాది," అని అందించింది. పొడుగాటివాడు సంచిని పైపైన తడిమాడు. గరుగ్గా చేతికి తగలగానే వాడి మొహం వెలిగిపోయింది. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. అది సందు మలుపు తిరిగేదాకా అప్పలసూరి సలాం కొడుతూనే ఉన్నాడు.

"పాపం, టీ నీళ్లయినా తాగకుండా ఎలిపోనారు," అన్నాడు భార్యతో.

అతను తన టీ ముగించకముందే ఇంకో జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఖాకీ యూనిఫాంలో ఒకమ్మాయి దిగింది. జేబు మీద పేరు రోహిణి. అదే ఊళ్లోని స్మృతి నగర్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయే. వెనకే ఒక గార్డు బోను పట్టుకొచ్చాడు.

"ఫోన్ చేసింది మీరే కదా అంకుల్? అది జిందా ఉందా? నీళ్లేమైనా పట్టారా?"

అప్పలసూరి గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "అదేటి మేడమ్? మీవోళ్లు ఇందాకే తీసుకెలిపోనారు గదా!"

"మావాళ్లా? మేము ఇప్పుడే వస్తున్నాం! వాళ్ల ఐడీ కార్డు చూశారా?"

అతను చూడలేదు. రోహిణి మొహం గట్టిపడింది. "ఇచ్చేశారా, అమ్మేశారా? సచ్ బోలియే, నిజం చెప్పండి."

అప్పలసూరి అరుగు మీద కూలబడ్డాడు. జైలు సంగతి అతనికి తోచనే లేదు. "నా సేతుల్తో నానే కసాయోళ్లకి అప్పగించీసినాను. పైపెచ్చు దండాలు కూడా ఎట్టినాను," అంటూ పసివాడిలా ఏడ్చాడు.

"ఊరుకో మావా," అంది జోగమ్మ. "నువ్వు ఇలా రా తల్లీ."

మంచం కింద గంగాళం, దాని మీద తడిపిన గోనెపట్టా. జోగమ్మ పట్టా తొలగించింది. చుట్ట విప్పుకుని పడుకున్న అలుగు మెల్లగా ముట్టె ఎత్తింది. దాని పొట్ట కిందనుంచి తెల్లటి పిల్ల ఒకటి తొంగి చూసింది.

రోహిణి మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. "హే భగవాన్, బచ్చా కూడా ఉంది!"

"నువ్వు బతికుందా అని అడిగినావు. ఆళ్లు కిలోలు అడిగినారు. నాకు ఇవ్వబుద్ధి కానేదు."

రోహిణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆంటీ, ఈ రెండు ప్రాణాలూ మీ చలవే. బార్నవాపారా అభయారణ్యంలో వీటిని వదిలే రోజు మీరిద్దరూ రావాలి. మీ చేతుల్తోనే వదలాలి."

అప్పలసూరి కళ్లు తుడుచుకున్నాడు. భార్య వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సీ, అందరూ సూస్తన్నారు, సేతులు దించు," అని కసిరింది జోగమ్మ, నవ్వు దాచుకుంటూ.

బోను జీపెక్కింది. రోహిణి ఎక్కబోతూ ఆగింది.

"అవునూ, ఆంటీ, మరి వాళ్లు మోసుకుపోయిన సంచిలో ఏముంది?"

"మా సాలూరు పనసకాయ, తల్లీ. ఇంకా ముగ్గనేదు."