ఇంకోతూరి చెప్పు నాయనా

"ఇంకోతూరి చెప్పు నాయనా."

పిల్లమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది. నతానియేల్‌కు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"ఇప్పుడే కదమ్మా గంటసేపు వాక్యం చెప్పాను!"

"చెప్పినావులే. ఇంకోతూరి చెప్పు."

అది తొంభై ఏడో సంవత్సరం. కన్నడవాళ్ళ నగరంలో, నగర్తపేటలో ఒక జరీ దుకాణం పైనున్న చిన్న హాల్లో ఆ తెలుగు సంఘం కూడుకునేది. నతానియేల్ పాస్టరుగా వచ్చి ఏడాది కాలేదు. వారమంతా చదివి, రాసి, అద్దం ముందు చెప్పుకుని మరీ ఆదివారం నిలబడేవాడు. వినేవాళ్ళు మాత్రం వాచీలు చూసుకునేవారు. సంఘపెద్ద ఇమ్మానుయేలు గారైతే మొదటి పాటకే కునుకు అందుకుని, సరిగ్గా ఆఖరి ఆమేన్‌కు లేచేవారు.

తన మాట ఒక్కరి చెవికైనా ఎక్కుతోందా అన్న దిగులు ఆ కుర్ర పాస్టరును తినేసేది. క్రిస్మసు దాకా చూసి, అప్పటికీ ఇంతే అయితే ఊరికి పోయి మేనమామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపోదామనుకున్నాడు.

ఇది చాలదన్నట్టు ఈ పిల్లమ్మ ఒకతి.

ఊరి బయట చందాపుర దగ్గర ఏదో కట్టడంలో ఇటుకలు మోసే మనిషి. రెండు బస్సులు మారి వచ్చి, తలుపు పక్కన చాప మీద కూర్చునేది. అందరూ వెళ్ళిపోయాక మెట్ల మీద పాస్టరును పట్టుకునేది.

చేసేదేముంది? నతానియేల్ మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆమెకు అర్థం కావాలని చిన్నచిన్న మాటల్లో, అభినయంతో సహా. కాపరి తప్పిపోయిన గొర్రెను భుజాన వేసుకొచ్చిన సంగతి చెప్పేటప్పుడు తన చేతిసంచినే గొర్రెను చేసి భుజాన వేసుకున్నాడు. చివర మెట్ల కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టి, "అర్థమయిందా, లేదా?" అని విసుక్కునేవాడు.

ఆమె కళ్ళార్పకుండా చూస్తూ పెదాలు కదిపేది. "ఆ గొర్రె కాలేమన్నా కుంటిందా నాయనా?" అని ఆరా తీసేది.

"పాపం, ఆమెకు చెవుడయ్యా," అని తేల్చేశారు ఇమ్మానుయేలు గారు, ఒకనాడు ఎలాగో మేలుకుని.

అంతే! మరుసటి ఆదివారం ఆమెను ముందుకు పిలిచారు. నతానియేల్ ఆమె రెండు చెవుల మీద చేతులుంచి గోడలు అదిరేలా ప్రార్థించాడు. సంఘమంతా ఆమేన్ అంది. పిల్లమ్మ అందరికంటే గట్టిగా అంది.

ఆరాధన ముగిసింది. ఎన్నడూ లేనిది అందరూ మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"ఇంకోతూరి చెప్పు నాయనా," అంది పిల్లమ్మ.

ఒకటే నవ్వులు.

"దేవుడు విన్నాడయ్యా. ఆమె చెవులే ఇంకా వినలేదు," అన్నారు ఇమ్మానుయేలు గారు.

నతానియేల్‌కు తల కొట్టేసినట్టయింది.

"నావల్ల కాదమ్మా! అరిచి అరిచి నా గొంతు పోతోంది," అని గబగబా మెట్లు దిగిపోయాడు.

పై వారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మెట్లు ఖాళీగా ఉంటే హాయిగా ఉండాలి కదా! ఉండలేదు. తన వాక్యాన్ని మళ్ళీ చెప్పమని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతేనని ఆలస్యంగా తట్టింది.

ఇమ్మానుయేలు గారు తమ నాన్నగారి పాత చెవిమిషను వెతికి ఇచ్చారు. దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని సోమవారం నతానియేల్ చందాపుర బస్సెక్కాడు.

కట్టడం దగ్గర అన్నాల వేళ. తాపీపని చేసే ఓబళప్ప ఎదురొచ్చాడు.

"పిల్లమ్మక్కా? లేదు సార్. మేస్త్రీ వేరే కట్టడం కెలసానికి పిల్చుకొని పోయినాడు. తమిళనాడు పక్కనంట. ఊరు పేరు మాకూ తెలీదు."

"అయ్యో! ఆమెకు చెవులు వినపడవు కదా, ఈ మిషను ఇద్దామని వచ్చాను."

ఓబళప్ప పకపకా నవ్వాడు. "చెవుడా? ఆయక్కకా? మేము మూడో అంతస్తులో గుసగుసలాడితే కిందనుంచి తిడతా ఉండె!"

"మరి నాచేత ప్రతి వాక్యమూ రెండుసార్లు ఎందుకు చెప్పించుకునేది?"

"ఓహో, ఆ అయ్యగోరు మీరేనా!" ఓబళప్ప వెనక్కి తిరిగి కేకేశాడు. "ఆదెమ్మా! అయ్యగోరు వచ్చినారు. ఆ గొర్రె సంగతి చెప్పు!"

ఆదెమ్మ చేయి కడుక్కుని లేచింది. ఖాళీ సిమెంటు సంచిని భుజాన వేసుకుంది. కాపరి ఎక్కి దిగిన గుట్టలు, గొర్రె కుంటిన కాలు, ఇంటికొచ్చి ఇరుగుపొరుగును పిలిచిన సంబరం, ఒక్క మాట పొల్లుపోలేదు. అన్నీ మెట్ల మీద తాను చెప్పిన చిన్న మాటలే. కథ ముగియగానే అక్కడున్న నలభైమందీ అన్నం గిన్నెల మీద రెండు దెబ్బలు కొట్టి, ఆమేన్ చెప్పినంత భక్తిగా అన్నారు.

"అర్థమయిందా, లేదా!"

మేనమామ టైపు మిషన్లు ఆ రెండు దెబ్బలకే ఎగిరిపోయాయి. నతానియేల్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆదివారం ఇక్కడ ఒక్కరికే పనికి రజా ఇస్తారు అయ్యగోరూ. అందరం మా రజా ఆయక్కకే ఇచ్చేస్తిమి," అంది ఆదెమ్మ. "మాకు చదువు రాదు, ఆయక్కకీ రాదు. ఒకతూరి వినేది నాకు, ఇంకోతూరి వినేది మీకు అంటా ఉండె."

నతానియేల్ తల వంచుకున్నాడు. "ఆఖరి ఆదివారం మెట్ల మీద నేనేమీ చెప్పలేదే. ఆ రోజు వచ్చి ఏం చెప్పింది?"

ఆదెమ్మ జాలిగా అతని గొంతు వైపు చూసింది.

"మనకోసం అరిచి అరిచి అయ్యగోరి గొంతు పోయిందంట, పాపం అని, మా నలభైమందినీ మోకాళ్ళ మీద ఉంచి, మీ గొంతు కోసం ప్రార్థన చేయించే పోయింది అయ్యగోరూ."